బాలారిష్టాల పటం

కొత్తగా ఏర్పడిన ప్రభుత్వానికో, అప్పుడే మొదలైన పత్రికకో ఎదురయ్యే తొలినాటి చిక్కులను ‘బాలారిష్టాలు’ అని రాయడం తెలుగు పత్రికలకు అలవాటు. జ్యోతిషం నుంచి వచ్చిన ఆ మాటకు అసలు అర్థం పసిబిడ్డ ప్రాణానికి పొంచి ఉన్న గండాలు. పురిటింట గొంతు తగ్గించి పలికిన మాట సంపాదకీయాలలోకి ఇంత తేలిగ్గా చేరిందంటే, దాని వెనకనున్న భయం చాలా ఇళ్ళను విడిచి వెళ్ళిందని అర్థం. ఆ భయం ఏ ఊరిని ముందు విడిచింది, ఏ ఊరిని ఆలస్యంగా విడిచింది, ఏ ఊళ్ళో ఇంకా తిష్ఠ వేసుకుని ఉంది అన్నది ఒక చరిత్ర. రాజవంశాల కాలక్రమంలో ఆ చరిత్ర దొరకదు.

దాని తొలి ఆనవాళ్ళు మనుషుల పేర్లలో ఉన్నాయి. పాత తరం తెలుగు ఊళ్ళలో పెంటయ్యలు, పెంటమ్మలు, పుల్లయ్యలు, భిక్షమయ్యలు కనిపించేవారు. వరసగా బిడ్డలు పోయిన ఇంట మళ్ళీ కాన్పు అయితే, ఆ పసిగుడ్డును పెంటకుప్ప మీదనో ఎంగిలి విస్తళ్ళ మీదనో ఒక్క క్షణం పడుకోబెట్టి తీసేవారు. లేదా మరొకరి చేత తీయించి, వారి దగ్గర భిక్షగా పుచ్చుకునేవారు. ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకుని మృత్యువు తప్పుకుంటుందని నమ్మకం. ఊళ్ళో ఒక పెంటయ్య ఉన్నాడంటే అతనికి ముందు పేరు కూడా పెట్టకుండానే కొందరు వెళ్ళిపోయారని లెక్క. జనన మరణాల పుస్తకం లేని ఊరికి ఆ పేర్లే పుస్తకం. సుశ్రుత సంహిత బాలగ్రహాలను తొమ్మిదిగా చెప్పింది. వాటిలో పూతన ఒకతె. భాగవతంలోని పూతన కథ వినని తెలుగు ఇల్లు అరుదు. అరబ్బు దేశాల తల్లులకు అటువంటిదే మరో పేరు తెలుసు: ఉమ్మ్ అస్సిబ్యాన్, అంటే పిల్లల తల్లి. పేరు తల్లిదే గాని, పని పూతనది.

వైద్య గణాంకాలలో ఈ భయానికి ఒక కొలత ఉంది. వెయ్యిమంది బిడ్డలు ప్రాణంతో పుడితే, వారిలో ఏడాది నిండకుండా పోయినవారి సంఖ్యను శిశు మరణాల రేటు అంటారు. ఖతర్‌లో ఇటీవలి సంవత్సరాలలో ఆ సంఖ్య అయిదారు. భారతదేశంలో 2020 నాటి నమూనా లెక్కల ప్రకారం 28. అయితే ఆ 28 లోపల కేరళ 6 దగ్గర, మధ్యప్రదేశ్ 43 దగ్గర ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 24, తెలంగాణ 21. సగటు లోతు మోకాలి బంటి అని విని ఏట్లో దిగినవాడికి ఏమవుతుందో తెలిసిందే. దేశమంతటికీ ఒకే అంకె చెప్పడంలోనూ ఆ ప్రమాదమే ఉంది.

ఈ తేడాలు ఎలా పుడతాయో, ఎలా చెరిగిపోతాయో తెలియాలంటే కొద్ది తేడాతో ఒకే కొలత ఉన్న మూడు నేలలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఖతర్ దేశ వైశాల్యం సుమారు 11,500 చదరపు కిలోమీటర్లు. విభజనకు ముందున్న కరీంనగర్ జిల్లా వైశాల్యం 11,823. తూర్పు కనుమల మన్యాన్ని కలిపి 2022లో ఏర్పాటు చేసిన అల్లూరి సీతారామరాజు జిల్లా అప్పటి వైశాల్యం 12,000 పైచిలుకు. ఒకటి ఎడారి ద్వీపకల్పం, ఒకటి దక్కను పీఠభూమి, ఒకటి కొండల అడవి. మొదటి రెండింటి మధ్య దశాబ్దాలుగా మనుషుల రాకపోకలు ఉన్నాయి. మూడోది ఆ రెండింటికీ దూరంగానే ఉండిపోయింది.

ఖతర్ సంగతి ముందు చూడాలి. 20వ శతాబ్ది తొలినాళ్ళలో బ్రిటిష్ అధికారి లోరిమర్ గల్ఫ్ ప్రాంతానికి గెజిటీరు సంకలనం చేసినప్పుడు ఇక్కడి జనాభాను సుమారు 27,000గా అంచనా వేశాడు. వారి బతుకుతెరువు ముత్యాలు. ఎండాకాలంలో నాలుగు నెలల పాటు మగవారు పడవల మీద ముత్యాల వేటకు వెళ్ళేవారు. ఆ నెలలలో పుట్టిన బిడ్డ ముఖాన్ని తండ్రి చూసేది పడవ ఒడ్డుకు చేరాకే, అప్పటికి బిడ్డ మిగిలి ఉంటే. 1930 ప్రాంతాల ప్రపంచ ఆర్థికమాంద్యమూ జపాను పెంపకపు ముత్యాలూ కలిసి ఆ బతుకుతెరువును కూల్చేశాయి. 1939లో దుఖాన్ వద్ద చమురు పడినా, యుద్ధం వల్ల పని ఆగిపోయి, తొలి ఎగుమతి ఓడ 1949 డిసెంబరు చివరిరోజున గాని కదలలేదు. ఈ మధ్యకాలాన్ని ఖతర్ వృద్ధులు కరువు రోజులుగా తలచుకునేవారు. ఎందరో కుటుంబాలతో పొరుగు తీరాలకు వలసపోయారు.

ఆ రోజులలో పుట్టిన పిల్లలెందరు, పోయినవారెందరు అన్న లెక్క ఎవరూ రాయలేదు. గల్ఫ్ తీరంలో పనిచేసిన అమెరికన్ మిషన్ వైద్యుల రాతలు మాత్రం కొంత చెబుతాయి. 1934లో కువైట్ చేరి ఆ తీరంలో దశాబ్దాలు గడిపిన మేరీ బ్రూయిన్స్ అల్లిసన్ జ్ఞాపకాలు 1994లో ‘డాక్టర్ మేరీ ఇన్ అరేబియా’ పేరిట పుస్తకంగా వచ్చాయి. ఆ తరం వైద్యులు పదేపదే ప్రస్తావించిన ఒక ఆచారం ఉంది. కాన్పు తర్వాత బాలింత యోనిలో రాతి ఉప్పు కూరేవారు. పుండు మానుతుందని, శరీరం మునుపటిలా బిగుస్తుందని నమ్మకం. మానిన చోట గట్టిపడిన మచ్చ ఏర్పడేది. తొలి కాన్పు ఎలాగో గట్టెక్కినా, రెండో కాన్పులో బిడ్డ బయటికి రాలేక అడ్డుపడేది; తల్లీబిడ్డా ఇద్దరూ పోయేవారు. పట్టణంలో వైద్యురాలు ఉంటే కోసి తీసే అవకాశం ఉండేది. ఎడారిలో గుడారాల మధ్య అది కూడా లేదు. ప్రాంతాల మధ్య తేడా అన్నది ఆనాటి ఖతర్‌లో అలా ఉండేది: ఒకే ఆచారం, ఒకే గాయం, వైద్యురాలు ఎంత దూరంలో ఉందన్న ఒక్క విషయంలోనే తేడా.

1940ల చివరలో బహ్రెయిన్ మిషన్ వైద్యులు దోహాలో ఒక చిన్న ఆసుపత్రిని నడిపారు. చమురు డబ్బు రావడం మొదలయ్యాక 1957లో రుమైలా ఆసుపత్రి తెరిచారు. 1979లో హమద్ వైద్య సంస్థ ఏర్పడింది. 1982లో హమద్ జనరల్ ఆసుపత్రి, 1988లో స్త్రీల ఆసుపత్రి వచ్చాయి. 2005లో అల్ ఖోర్‌లో, 2012లో దుఖాన్ వద్దా అల్ వక్రాలోనూ ఆసుపత్రులు వెలిశాయి. ఈ లోగా సముద్రపు నీటిని మంచినీరు చేసే కేంద్రాలు బావులను మరిపించాయి. 1950ల నడుమ మొదలైన ప్రభుత్వ బాలికల పాఠశాలల నుంచి చదువుకున్న తల్లుల తరం వచ్చింది. ద్వీపకల్పపు ఉత్తర కొస నుంచి దోహాకు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒంటె మీద రోజులు పట్టే ఆ దారి కారులో గంట ప్రయాణమైంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మారుమూల ప్రాంతాల దగ్గరికి పట్టణం వెళ్ళడం ఒక ఎత్తయితే, మారుమూల ప్రాంతాల మనుషులే పట్టణానికి తరలిరావడం మరొక ఎత్తు. ఉత్తర తీరంలో అల్ జుమైల్ వంటి పల్లెలు పాడుపడి, మొండిగోడలతో మిగిలాయి. బిడారుల వారు స్థిరనివాసాలలో చేరారు. ఖతర్ పటంలో శిశు మరణాల తేడా చెరిగిపోవడానికి కొంత కారణం అక్కడి పల్లెలే పటం మీద నుంచి చెరిగిపోవడం. ఇప్పుడు పురపాలక ప్రాంతాల వారీగా లెక్కలు అచ్చవుతున్నా వాటి నుంచి నిర్ణయాలు చేయడం కష్టం. ఏడాదికి 200 పుట్టుకలున్న చోట ఒక్క బిడ్డ పోతే రేటు ఒక్కసారిగా అయిదు పెరుగుతుంది. అంత చిన్న లెక్కలో దురదృష్టాన్నీ దుర్వ్యవస్థనూ విడదీయలేరు.

ప్రాంతాల తేడా పలచబడ్డాక దాని కింద దాగి ఉన్న మరొక తేడా పైకి తేలింది. నంజు, విరేచనాలు, ధనుర్వాతం తగ్గినకొద్దీ మిగిలిన మరణాలలో పుట్టుకతో వచ్చే లోపాల వాటా పెరిగింది. 2006లో వెలువడిన ఒక అధ్యయనం ఖతరీ దంపతులలో 54 శాతం దగ్గరి బంధువులేనని తేల్చింది. హోమోసిస్టినూరియా అనే అరుదైన జన్యువ్యాధి ఇక్కడ ప్రపంచంలోకెల్లా ఎక్కువగా కనిపించింది. 2003 నుంచి జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం సహకారంతో నవజాత శిశువుల రక్తపరీక్షలు మొదలయ్యాయి. మేనరికాలు తెలిసిన తెలుగు పాఠకులకు ఇది వింతగా తోచదు. ఊళ్ళ మధ్య తేడా పోయిన చోట వంశాల మధ్య తేడా కనబడింది. దాన్ని పట్టుకోవడానికి కూడా ముందుగా కావలసింది ప్రతి పుట్టుకా లెక్కలోకి రావడమే.

డబ్బు ఉంటే ఇదంతా దానంతట అదే జరుగుతుందని అనుకోవడం సులభం. ఆ ఊహ పొరపాటని చెప్పినవాడు ఆస్ట్రేలియా జనాభా శాస్త్రవేత్త జాన్ కాల్డ్‌వెల్. 1986లో ఆయన ప్రచురించిన ఒక ప్రసిద్ధ వ్యాసం దేశాల ఆదాయాన్నీ శిశు మరణాలనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆదాయాన్ని బట్టి ఊహించదగిన దానికంటే ఎంతో మెరుగ్గా ఉన్న వాటిలో శ్రీలంక, కోస్టారికా, కేరళ కనిపించాయి. ఎంతో వెనకబడిన వాటిలో సౌదీ అరేబియా, ఒమాన్, లిబియా వంటి చమురు దేశాలు ఉన్నాయి. వెనకబడిన చోట్ల ఆయన గుర్తించిన ఉమ్మడి లక్షణం ఆడపిల్లల చదువు మగపిల్లల చదువు కన్నా చాలా వెనకబడి ఉండటం. తల్లికి చదువుంటే బిడ్డ జ్వరాన్ని ఎంత తొందరగా గుర్తిస్తుంది, ఎవరి అనుమతి కోసం ఆగకుండా బయలుదేరగలుగుతుందా, వైద్యుడు ఇచ్చిన మందు పనిచేయకపోతే మళ్ళీ వెళ్ళి నిలదీస్తుందా అన్నవి ఆయన అడిగిన ప్రశ్నలు. ఆ తర్వాతి దశాబ్దాలలో గల్ఫ్ దేశాలు ఆ లోటును ఎంత వేగంగా పూడ్చుకున్నాయో ఖతర్ అంకె చెబుతోంది.

ఆ పూడికలో కేరళ చెయ్యి ఉంది. 1970ల నుంచి గల్ఫ్ ఆసుపత్రుల ప్రసూతి వార్డులలో నిలబడిన నర్సులలో మలయాళీలు ఎందరో. వారిని తయారుచేసిన కేరళలో శిశు మరణాల రేటు 1971లో 58, 1981లో 37, 1991లో 16. చమురు లేని చోట నేర్చిన విద్య చమురున్న చోటికి జీతానికి వెళ్ళింది.

కేరళను ఒకే ముద్దగా చూడటం కూడా సరికాదు. తిరువాంకూరు, కొచ్చిన్ సంస్థానాలలో 19వ శతాబ్ది నుంచే బడులు, టీకాలు, మిషన్ ఆసుపత్రులు విస్తరించాయి. ఉత్తరాన ఉన్న మలబారు మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. బడులలో, ఆసుపత్రులలో, శిశువుల ఆయుర్దాయంలో అది దక్షిణం కంటే స్పష్టంగా వెనకబడి ఉండేది. 1956లో కేరళ రాష్ట్రం ఏర్పడ్డాక ప్రభుత్వ వ్యయం ఉత్తరానికి మళ్ళింది. రెండు మూడు దశాబ్దాలలో ఆ అంతరం చాలావరకు పూడింది. మలబారుతో పాటు అదే మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న మరొక వెనకబడిన ప్రాంతం విశాఖ మన్యం. ఒకే దొరతనం, ఒకే శాసనసభ, ఒకే ఆరోగ్య శాఖ. మలబారు కథ ఒక దారిన నడిచింది, మన్యం కథ మరొక దారిన నడిచింది.

ఎందుకన్న ప్రశ్నకు జవాబు లెక్కల పుస్తకాలలో మొదలవుతుంది. 19వ శతాబ్దిలో ఇంగ్లండు గణాంకవేత్త విలియం ఫార్ మరణాలను జిల్లాల వారీగా విడదీసి చూసి, 63 జిల్లాలను ‘ఆరోగ్యకర జిల్లాలు’గా వేరుచేశాడు. అక్కడ సాధ్యమైనది మిగతా చోట్ల ఎందుకు సాధ్యం కాదని ఆయన వాదన. ఒక జిల్లా అంకె మరొక జిల్లా అధికారిని సిగ్గుపరచే ఆయుధం కావడం అప్పుడే మొదలైంది. 20వ శతాబ్ది మొదట్లో హడర్స్‌ఫీల్డ్ నగర మేయరు బెంజమిన్ బ్రాడ్‌బెంట్ తాను పదవిలో ఉన్న కాలంలో లాంగ్‌వుడ్ అనే పేటలో పుట్టే ప్రతి బిడ్డకూ, ఏడాది నిండితే ఒక పౌను ఇస్తానని హామీపత్రం రాసి ఇచ్చాడు. ఆ పత్రం వెంబడి పుట్టిన ఇంటికి సలహా చెప్పే మహిళలు వెళ్ళారు. ఎక్కడ పుట్టాడో వెంటనే తెలిస్తే గాని ఆ గడపకు ఎవరూ వెళ్ళలేరు. 1907 నాటి బ్రిటిష్ చట్టం 36 గంటలలోగా పుట్టుకను ఆరోగ్య అధికారికి తెలియజేసే పద్ధతిని తెచ్చింది. ముందు లెక్క, వెంటనే గడప దగ్గర మనిషి: ఆసుపత్రులు పెరగక ముందే శిశు మరణాలు తగ్గడం మొదలైన క్రమం అది.

మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదు చట్టం 1899లో వచ్చింది. 1939లో వచ్చిన మద్రాసు ప్రజారోగ్య చట్టం దేశంలోనే ఆ తరహాలో మొదటిది. కోస్తాలో ఆసుపత్రులూ ముందే వెలిశాయి. గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ స్త్రీల ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి 1923లో. కొండలకు మాత్రం వేరే చరిత్ర ఉంది. 1839 నాటి గంజాం, విశాఖపట్టణం చట్టం ఏజెన్సీ ప్రాంతాలను మామూలు పాలన నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టింది. గిరిజనులకు రక్షణ పేరిట గీసిన ఆ గీత లెక్కలకూ గీతైంది. ప్రెసిడెన్సీ జనన మరణాల నివేదికలలో ఏజెన్సీ చాలాకాలం చేరలేదు. లెక్కలో లేని మరణానికి ఏ అధికారీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. మలబారు వెనకబాటు కనీసం పుస్తకంలోకి ఎక్కింది కాబట్టి, దాన్ని చూపించి అడగడానికి వీలైంది.

నిజాం రాజ్యంలో పరిస్థితి ఇంకొక రకం. రాజధానికి ఆసుపత్రులు దక్కాయి. కాన్పులో తన పరిచారిక చనిపోవడంతో చలించిన రాజకుమారి నీలోఫర్ పేరిట 1953 నాటికి హైదరాబాదులో తల్లీబిడ్డల ఆసుపత్రి ఏర్పడింది. తెలంగాణ పల్లెలకు మంత్రసానే దిక్కు.

స్వాతంత్ర్యానంతరం నమూనా నమోదు పద్ధతి 1970 నాటికి దేశమంతటా నిలదొక్కుకుంది. దాని అంకెలు వరసగా పెడితే ఆంధ్రప్రదేశ్‌కు అంత గౌరవం కాని ఒక కథ బయటపడుతుంది. 1971లో దేశం రేటు 129, రాష్ట్రం 106. 1981లో దేశం 110, రాష్ట్రం 86. అంటే 24 ఆధిక్యం. 1991లో దేశం 80, రాష్ట్రం 73. ఆధిక్యం ఏడుకు పడిపోయింది. 2001లో దేశం 66, రాష్ట్రం కూడా 66. ఇరవై ఏళ్ళలో మిగతా దేశం దగ్గరకు వచ్చి కలుసుకుంది. అదే 2001లో కేరళ 11 దగ్గర ఉంది. టీకాల వల్ల, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళ వల్ల నెల దాటిన బిడ్డలు బతకడం అప్పటికి పెరిగింది. మొదటి వారంలో పోయే బిడ్డకు అవి చాలవు. ఆ బిడ్డకు కావలసినది పుట్టే గడియలో పక్కన నేర్పున్న మనిషి, వెచ్చదనం, ఊపిరి ఆడనప్పుడు ఊదే గాలి. 1990ల చివర కూడా రాష్ట్రంలో సగం కాన్పులు ఇళ్ళలోనే జరిగేవి, తల్లులలో చాలామంది ఇంకా ఎదుగుతున్న బాలికలు.

తర్వాత కదలిక వచ్చింది. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు బయలుదేరాయి. 2015లో దేశం నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ధ్రువపడింది. 2017లో తెలంగాణ ప్రభుత్వాసుపత్రులలో కాన్పులకు కిట్టు, నగదు ప్రోత్సాహం మొదలయ్యాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రెండు రాష్ట్రాలలోనూ నూటికి 96, 97 కాన్పులు ఆసుపత్రులలోనే. అదే సర్వేలో తెలంగాణ శిశు మరణాల రేటు 26, ఆంధ్రప్రదేశ్ 30. వీటిలో దాదాపు మూడింట రెండు వంతులు మొదటి 28 రోజుల మరణాలు. ఆసుపత్రికి చేరడం జరిగింది. చేరాక బిడ్డకు అందే సేవ ఇంకా సమానం కాలేదు. తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు కోతతో జరుగుతున్నాయని, కరీంనగర్‌లో అవి 80 దాటాయని ఆ సర్వేయే చెప్పింది. అవసరానికి మించిన శస్త్రచికిత్స ఒక జిల్లాలోనూ, అవసరమైన శస్త్రచికిత్స అందని పరిస్థితి మరొక జిల్లాలోనూ ఒకే కాలంలో ఉన్నాయి.

ఆ రెండో జిల్లా మన్యం. పాడేరు నుంచి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి దూరం నూరు కిలోమీటర్ల పైచిలుకు. ఖతర్ ఉత్తర కొసకూ దోహాకూ మధ్య ఉన్నంతే. ఖతర్‌లో అది తారురోడ్డు మీద గంట. ఇక్కడ పాడేరు చేరడమే ఒక ప్రయాణం. రోడ్డు లేని గూడెం నుంచి నిండు గర్భిణిని రెండు కర్రలకు కట్టిన డోలీలో వాగులు దాటించి మోసుకొచ్చే వార్తలు ఇప్పటికీ ఏటా వస్తున్నాయి. అందుకే సాలూరు వంటి చోట్ల నెలలు నిండక ముందే గర్భిణులను తీసుకొచ్చి ఉంచే వసతి గృహాలు నడిపారు. దేశమంతటా చూస్తే ఆ సర్వేలో గిరిజన తెగల శిశు మరణాల రేటు 41 దాటింది. దేశ సగటు 35. మన్యం జిల్లాకు విడిగా రేటు మాత్రం ఆ సర్వే ఇవ్వదు, నమూనా నమోదు పద్ధతీ ఇవ్వదు. రెండింటి నమూనాలూ జిల్లాకు రేటు కట్టేంత పెద్దవి కావు. 1839 గీత చట్టంలో చెరిగినా పట్టికలో దాని నీడ ఉంది.

దూరాన్ని తలరాతగా ఒప్పుకోనక్కర్లేదని చూపిన ప్రయోగం తెలుగు నేలకు ఆనుకునే జరిగింది. గోదావరి, ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు 39 ఊళ్ళలో మొదట ప్రతి పుట్టుకనూ ప్రతి మరణాన్నీ నమోదు చేయించారు. తర్వాత ఆ ఊళ్ళ ఆడవాళ్ళకే పసిబిడ్డ ఊపిరి లెక్కపెట్టడం, నంజును గుర్తించడం, సూది మందు ఇవ్వడం నేర్పారు. 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఫలితాల ప్రకారం, పోల్చి చూసిన ఇతర ఊళ్ళతో లెక్కిస్తే నవజాత శిశు మరణాలు మూడేళ్ళలో సుమారు 60 శాతం తగ్గాయి. అక్కడ కొత్త రోడ్డు వేయలేదు, పెద్దాసుపత్రి కట్టలేదు. హడర్స్‌ఫీల్డ్ క్రమమే అడవి అంచున మళ్ళీ జరిగింది. నేడు ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వెళ్ళి చూసే పద్ధతికి మూలం ఆ ఊళ్ళలో ఉంది.

ఇప్పుడు ఖతర్ అంకె దగ్గరకు మళ్ళీ రావచ్చు. 1986 జనగణనలో ఆ దేశ జనాభా 3,69,079, 2015లో 24,04,776. ఆ పెరుగుదలలో అధిక భాగం వలస కార్మికులది. జనాభాలో నలుగురికి ముగ్గురు పురుషులు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ఇంత జీతం ఉండాలన్న నియమం వల్ల, రోడ్లు వేసేవారు, ఆసుపత్రుల గోడలు లేపేవారు, స్టేడియాలు కట్టేవారు ఒంటరిగానే ఉంటారు. దోహా ఇండస్ట్రియల్ ఏరియా వసతి గృహాలలో లక్షలమంది ఉన్నా అక్కడ ఉయ్యాల లేదు. అక్కడ పుట్టుక లేదు కాబట్టి శిశు మరణమూ లేదు. ఖతర్ శిశు మరణాల రేటును తగ్గించిన రోడ్ల మీద వీరి చెమట ఉంది. ఆ రేటులో వీరి బిడ్డలు లేరు.

ఆ బిడ్డలు జగిత్యాలలో, సిరిసిల్లలో, నిజామాబాదులో, రాయచోటిలో, కోనసీమలో, బీహారులో, నేపాల్‌లో పుడుతున్నారు. వారిలో పోయినవారు ఆయా రాష్ట్రాల, ఆయా దేశాల రేటులో చేరతారు. ముత్యాల వేటకు వెళ్ళిన తండ్రి బిడ్డ ముఖాన్ని నాలుగు నెలల తర్వాత చూసేవాడు. సిరిసిల్ల నుంచి వచ్చిన తండ్రి రెండేళ్ళ తర్వాత చూస్తాడు. ఈలోగా ఫోను తెర ఉంది. బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాలో నిర్ణయించవలసింది ఇంటి దగ్గర ఒంటరిగా ఉన్న ఆ తల్లే. కాల్డ్‌వెల్ ప్రశ్నలన్నీ ఆమె ముందుకు వస్తాయి. చేతిలో దుబాయి డబ్బో ఖతర్ డబ్బో ఉండవచ్చు. ఆమెకు చదువు ఉందా, నిర్ణయించే స్వేచ్ఛ ఉందా, ఎంత దూరంలో ఎటువంటి వైద్యం ఉంది అన్నవాటి మీదనే ఆ రాత్రి ఆధారపడి ఉంటుంది.

కాబట్టి ఏ దేశపు శిశు మరణాల రేటు చదివినా రెండు ప్రశ్నలు వెంట వేసుకోవాలి. ఆ అంకె లోపల ఏ ప్రాంతాలు అణిగి ఉన్నాయి? ఆ అంకె బయట ఎవరి బిడ్డలు ఉండిపోయారు? మొదటి ప్రశ్న మన్యానికి దారి తీస్తుంది, రెండోది పాత కరీంనగర్‌కు. ఖతర్ చరిత్రలో ఆశకు తావిచ్చే పాఠం ఒకటుంది: ఒక మనిషి జీవితకాలంలోనే పూతన ఒక దేశాన్ని దాదాపుగా విడిచి వెళ్ళగలదు. దాదాపు అంతే వైశాల్యమున్న తూర్పు కనుమలలో అందుకు మొదటి మెట్టుగా జిల్లాకు, మండలానికి, గూడేనికి విడివిడిగా శిశు మరణాల లెక్క ఏటా అచ్చు కావాలి, అది చదివి సంజాయిషీ అడిగేవారూ ఉండాలి. పెంటయ్య అన్న పేరు తెలుగు ఊళ్ళలో ఇప్పుడు కొత్తగా ఎవరూ పెట్టడం లేదు. ఆ పేరు చేసిన పనిని ఇక పుస్తకమే చేయాలి.